మొక్క పేరు ముందు

జూలై 14, 2024, ఆదివారం. అనంతగిరి

వికారాబాద్‌లో రైలు దిగేసరికే తుంపర. గుట్టకు వెళ్లే దారి పక్కన వయ్యారిభామ మోకాలెత్తు పెరిగింది. చాలా మొక్కలకు ఆకులు చిల్లులు పడి, ఈనెలే మిగిలాయి. మీగడ రంగు పెంకు, దాని మీద ముదురు గోధుమ రంగు గీతలు, అర సెంటీమీటరు దాటిన పొడవు: జైగోగ్రామా బైకలరేటా. ఈ కలుపును అణచడానికి మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరులో వదిలిన ఆకుపురుగు ఇది. చలికాలం, ఎండాకాలం మట్టిలో నిద్రాణంగా ఉండి, వానలు పడగానే పైకొస్తుంది. వయ్యారిభామ మీద, ఈ గీతలతో కనబడిందంటే పేరు కోసం పుస్తకం తిప్పే పని దాదాపు ఉండదు.

"ఇది అక్షింతల పురుగేగా మామయ్యా?" అంది మా మేనకోడలు. భూతద్దం చేతికిచ్చి, మీసాలు చూడమన్నాను. అక్షింతల పురుగుకు మీసాలు పొట్టి, కొస ఉబ్బి ఉంటుంది. ఆకుపురుగు మీసాలు అంతకంటే పొడవు, తేటగా కనిపిస్తాయి. పాదం కణుపులు చూస్తే అనుమానమే ఉండదు. అక్షింతల పురుగుకు మూడు ఉన్నట్టు కనిపిస్తాయి, ఆకుపురుగుకు నాలుగు. నిజానికి దానికి అయిదు. మూడోది రెండుగా చీలి వెడల్పుగా ఉంటుంది, నాలుగోది మరీ చిన్నదై దాని మధ్యలో దాక్కుంటుంది. పిల్ల చాలాసేపు తల ఎత్తలేదు. సంతోషం వేసింది.

జూలై 21, ఆదివారం. ఇల్లు

దొండపందిరి మీద నారింజ రంగు పెంకు పురుగులు. రైతులు గుమ్మడి పెంకు పురుగు అనేది వీటినే, ఆలకోఫోరా. ఒకటి లేత ఆకు మీద తిరుగుతూ కనిపిస్తే స్టూలు వేసుకుని కూర్చున్నాను. అది వెంటనే తినడం మొదలుపెట్టలేదు. తన ఒంటినే ఇరుసు చేసుకుని నెమ్మదిగా తిరుగుతూ, దవడలతో ఆకులో గుండ్రంగా గాడి కోసింది. గాడి పొడుగునా రసం చెమ్మగా ఊరింది. రెండు కొసలూ కలిశాకగానీ లోపలి ముక్క ముట్టలేదు. ఆకులో ఊరే జిగట రసం తిండిలోకి రాకుండా తెంచేసి, ఆ తర్వాత తినడం దాని పద్ధతి. పురుగు ఎగిరిపోయినా ఈ గుండ్రటి కోత ఆకు మీద ఉండిపోతుంది. ఎపిలాక్నా అనే ఆకు తినే అక్షింతల పురుగూ ఇలా కోస్తుంది కాబట్టి కోత ఒక్కటే చూసి తేల్చకూడదు. అయినా ఎంత గొప్ప ఆనవాలు!

ఆగస్టు 4, ఆదివారం. చెరువుగట్టు

తూటికూర ఆకు అడుగున తాబేటి పురుగు, కాసిడా సర్కమ్‌డేటా. అయిదు మిల్లీమీటర్లకు మించదు. అంచులు అద్దంలా పారదర్శకం, నడుమ ఆకుపచ్చా బంగారమూ కలిసిన మెరుపు, చుట్టూ నల్లగీత. పక్కనే దాని పిల్లపురుగు, విడిచిన పాత పొరల్ని తోక చీలిక మీద గొడుగుగా ఎత్తిపట్టుకుని.

కూర తెంపుతున్న అవ్వ అడిగింది: "ఏం ఎతుకుతున్నవ్ బిడ్డా గా ఆకులల్ల?"

చూపించాను.

"గివా! ఆకుకు అతుక్కపోతయి. గోరుతోని గీకినా రావు."

పాదాలతో అలా కరుచుకోవడమే దాని రక్షణ. నేను వాక్యాల్లో రాసేది ఆమెకు వేళ్లతో తెలుసు.

పురుగును పట్టలేదు. చస్తే ఆ బంగారం పోతుంది, పెంకు వెలిసిపోతుంది. పెట్టెలో గుచ్చిన నమూనా చూసిన మనిషి ఈ మెరుపును ఊహించలేడు. బతికున్నప్పుడే ఫోటో తీయాలి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వీలైతే ముఖం కూడా.

గట్టు దిగువన, పసుపు పూల లుడ్విజియా మీద నీలంగా మెరిసే చిన్నవి మరికొన్ని. వేలు దగ్గరికి పోగానే టప్పున ఎగిరి దూకాయి. వెనక తొడలు లావు. గెంతే ఆకుపురుగులు, ఆల్టికా.

ఆగస్టు 5, రాత్రి

సమరేంద్ర మౌలిక్ రాసిన సంపుటాలు ముందేసుకున్నాను. బ్రిటిష్ ఇండియా జంతుజాలం వరుసలో తాబేటి పురుగులు, ముళ్ల పురుగులు 1919లో, గెంతేవి 1926లో. ఓపికకు దణ్ణం పెట్టాలి. కానీ ఆల్టికాలో జాతులు పైకి ఒకేలా నీలంగా ఉంటాయి. మగపురుగు జననాంగాన్ని విప్పి సూక్ష్మదర్శినిలో చూస్తేగానీ నిపుణులే ఖాయం చేయరు. లుడ్విజియా మీద దొరికింది కాబట్టి ఆల్టికా సయానియా అనుకోవడానికి ఆస్కారం ఉంది, అంతే. ఫోటో చూసి జాతి పేరు అంటించడం తప్పుడు సాక్ష్యం కింద లెక్క. ఆ పేరును నమ్మి ఇంకొకరు పటంలో చుక్క పెడతారు.

నమోదు: ఆల్టికా, ప్రజాతి వరకే. ఆతిథేయి లుడ్విజియా, పూత మీద ఉంది, ఆకులు తింటుండగా చూశాను. మేనకోడలికి కూడా రాయాలి: ఇకమీదట పురుగు ఫోటో పంపితే, అది కూర్చున్న మొక్క ఆకూ పువ్వూ కనిపించేలా ఇంకో ఫోటో తీసి పంపమ్మా.