గోనె తెర

మా మాదిగ గేరిలో కొట్టాలకు తలుపుల్లేవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే అనంతపురం నేలలో నీళ్లకే కరువు, మాకు మరుగుకూ కరువే. అమ్మా, అక్కా పొద్దు గూకేదాకా కాచుకొని, కొట్టం వెనక మంచం అడ్డం పెట్టుకొని నీళ్లు పోసుకునేవాళ్లు.

1985లో, కారంచేడు మారణకాండ జరిగిన ఏడు, అమ్మ రెండు సెనక్కాయల సంచులు తెచ్చింది. కుట్లు విప్పి, బూడిద నీళ్లలో నానేసి ఉతికింది. తన చినిగిన చీర లోపలి వైపు పరిచి, దబ్బనంలో పురికొస ఎక్కించి కుట్టింది. పై అంచు మడిచి తాడు దూరేంత సందు వదిలింది. రెండు గుంజల నడుమ కట్టింది.

దారిన పోతా ఊళ్లో పెద్దకులపాయన నిలబడినాడు.

"ఏమే, మీక్కూడా తెరలు కావాల్నా?"

అమ్మ పురికొస పంటితో తెంపి, "మాకూ ఒళ్లుంది సామీ" అనింది.

ఆ మాట నాకు ఏ బడీ నేర్పలా.

ఇప్పుడు టౌన్లో నా ఇంటి కిటికీలకు నా చేత్తోనే తెరలు కుట్టుకుంటా. అంగట్లో దొరకవని కాదు. సూది గుచ్చినప్పుడల్లా, పట్టపగలు అక్క బెదురు లేకుండా నీళ్లు పోసుకున్న చప్పుడు వినపడతాది.