వుజూకు ముందు ఒక గుడ్డముక్క

మా అబ్బాయి నికాహ్ జరిగిన కొద్దిరోజులకు ఇంటిల్లిపాదితో కలిసి మేము గండికోటకు వెళ్ళాము. జమ్మలమడుగు నుండి సుమారు పదిహేను కిలోమీటర్ల ప్రయాణం. ఎర్రమల కొండలను పెన్నానది కోసుకుంటూ పారినచోట ఏర్పడిన గండి వల్లనే ఆ కోటకు ఆ పేరు వచ్చింది. 1650లో మీర్ జుమ్లా వశపరచుకున్న ఆ కోటలో జామియా మసీదు, ధాన్యాగారం, ఆలయాలు, కోనేరు నేటికీ నిలిచి ఉన్నాయి.

తిరిగి చూసేసరికి అసర్ వేళ సమీపించింది. చెట్టు నీడన దుప్పటి పరచి వుజూకు సిద్ధమయ్యాము. కొత్తకోడలు ముఖానికి నీటికి చెదరని అలంకరణ చేసుకొని ఉంది. చర్మానికి నీరు తగలనివ్వని పొర ఏదైనా ఉంటే దానిని తొలగించనిదే వుజూ నెరవేరదని ఆమెకు తెలుసు. సంచిలోంచి తడి వైప్స్ పొట్లం తీసి ఒకదాని తరువాత ఒకటిగా ఆరింటితో ముఖం తుడుచుకొని, వాటిని రాతిమీద పెట్టింది. అంతలో లోయ నుండి గాలి ఎగసింది. రెండు ముక్కలు ముళ్ళపొదకు చిక్కుకున్నాయి. మిగిలినవి గండిలోకి ఎగిరిపోయాయి.

“దుబారా చేసేవారు షైతాను సోదరులని ఖుర్ఆన్ హెచ్చరించలేదా? నదిలో చెత్త వేయడమే మీ పుట్టింట్లో నేర్పింది?” అని అందరి ముందు గద్దించాము. ఆమె తలవంచుకుంది. “తప్పయింది అమ్మీ” అని మాత్రం అన్నది. పొదవద్దకు వెళ్ళి చిక్కుకున్న ముక్కలను చేతులు గీరుకుపోతున్నా తీసి తెచ్చింది.

ఆ కోపంలోనే మేము క్యాను మూత తీసి ధారాళంగా నీరు వంచుకుంటూ వుజూ చేశాము. మావారు వచ్చి క్యాను వంచితే అడుగున దోసెడు నీళ్ళే మిగిలి ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. దుకాణం దాకా నడిచి వెళ్ళి నీళ్ళ సీసా కొనుక్కొచ్చారు.

ఆ నమాజులో మనసు నిలవలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒక ముద్ద్ నీటితో, అంటే దాదాపు చెంబెడు నీటితో, వుజూ చేసేవారని ప్రతి సంవత్సరం మదర్సాలో పాఠం చెప్పేది మేమే. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయరాదన్న బోధను విద్యార్థినులకు వివరించేది మేమే. అక్కడ మా కళ్ళ ముందే పెన్న ఉంది. కోడలి చేతిలోని దుబారాను చూడగలిగిన మాకు మా చేతిలోనిది కనిపించలేదు. పైగా ఆమె పుట్టింటిని నిందించాము. దానికి ఏ పాఠంలోనూ అనుమతి లేదు.

ఆ రాత్రి ఆమె గదికి వెళ్ళి, “బేటీ, మాట తూలాము, మనసులో పెట్టుకోకు” అన్నాము. ఆమె కన్నీళ్ళు తుడుచుకొని, “మరి దేనితో తుడుచుకోవాలి అమ్మీ? ఉట్టి నీళ్ళకు అది పోదు” అని అడిగింది. తప్పు చూపించిన మేము దారి చూపలేదని అప్పుడు తెలిసింది.

చాలా తడి వైప్స్‌లో పాలిస్టర్ వంటి ప్లాస్టిక్ పోగులు కలిసి ఉంటాయి. అవి నేలలో కలిసిపోవు, చిన్న చిన్న తునకలై నిలిచి ఉంటాయి. 2022 జూలై 1 నుండి మన దేశంలో నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ పుల్లల ఇయర్‌బడ్స్ ఉన్నాయి గాని వైప్స్ లేవు. కనుక వాటి విషయంలో మన మనస్సాక్షే కాపలా ఉండాలి. రోజుకు రెండు చొప్పున వాడినా ఒక్కరికే సంవత్సరానికి 730 అవుతాయి.

పోనీ, దూది బిళ్ళలు వాడితే? అవి పత్తితో చేసినవే. కిలో నూలుబట్ట తయారీకి ప్రపంచ సగటున సుమారు 10,000 లీటర్ల నీరు ఖర్చవుతుందని నిపుణుల అంచనా. వాన కోసం ఆకాశం వైపు చూసే మన సీమ రైతు పండించిన పత్తిని ఒక్క నిమిషం వాడి పారేయడం న్యాయమా? ఇంట్లో ఉన్న పాత బట్టకైతే ఆ నీరు ఏనాడో ఖర్చయిపోయింది. ఇక కొత్తగా పండించవలసినది ఏమీ లేదు.

మరునాడు పెట్టె తెరిచి, మా అత్తగారి పాత నూలుచీర తీశాము. ఆ తరం వారు చీర చిరిగితే బొంత కుట్టేవారు, బొంత చిరిగితే మసిగుడ్డ చేసేవారు. దైవప్రవక్త తమ దుస్తులకు తామే అతుకు వేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన సంగతి జ్ఞాపకం వచ్చింది. చీరను కత్తిరించడానికి చేయి కొంత వెనుకాడింది. కాని పెట్టెలో చిమటలు కొట్టే బట్టకంటే పనికి వచ్చే బట్టే ఆమెకు సంతోషమనిపించింది. అరచేయంత ముక్కలను రెండేసి పొరలుగా పేర్చి, అంచులు కుట్టి, పద్నాలుగు సిద్ధం చేశాము. వారానికి అవి చాలు.

వాడే పద్ధతి కూడా సులువే. నీటికి చెదరని రంగు నూనెకు కరుగుతుంది. కొద్దిగా నువ్వులనూనెగాని కొబ్బరినూనెగాని ముఖానికి మృదువుగా రాసి, తడిపిన గుడ్డతో రుద్దకుండా తుడవాలి. మొటిమలు వచ్చే చర్మానికి కొబ్బరినూనె పడకపోవచ్చు. తరువాత శనగపిండితోనో సబ్బుతోనో జిడ్డు పోయేలా కడుక్కొని వుజూ చేయాలి. తుడుచుకోవడం ఎన్నటికీ కడుక్కోవడం కాజాలదు. ఒకరి గుడ్డ మరొకరు వాడరాదు. వాడినవాటిని తడిగా మూటగట్టి ఉంచితే క్రిములు పెరుగుతాయి. ఆరవేసి, చిన్న జాలీసంచిలో పోగుచేసి, వారానికొకసారి ఇంటి బట్టలతో కలిపి సబ్బుతో, వీలైతే వేడినీటితో ఉతికి, ఎండలో బాగా ఆరనివ్వాలి. ఒక్కో ముక్కకు బకెట్టు నీళ్ళు పోస్తే ఈ శ్రమంతా వృథా. బట్ట మెత్తబడటానికి వాడే ద్రావకాలు వద్దు, వాటివల్ల గుడ్డ నీరు పీల్చుకోదు. కాటుక మరక మిగిలిపోయినా అది మురికి కాదు.

నెల తిరగకముందే కోడలు మాకొక చిన్న రాగి చెంబు తెచ్చి ఇచ్చింది. “వుజూకు, అమ్మీ” అని నవ్వింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆనాడు మేము అన్న మాటలతో పోల్చుకుంటే, ఆమె మాకు నేర్పిన తీరే ఉత్తమమైనది. ఇప్పుడు దండెంమీద ఆ పద్నాలుగు గుడ్డలు ఆరుతుంటాయి. కుళాయి పక్కన చెంబు ఉంటుంది. చెంబెడు నీటితో వుజూ సంపూర్ణంగా నెరవేరుతుందని, ఇన్నేళ్ళు చెప్పిన పాఠాన్ని, యాభై దాటిన ఈ వయసులో మేము చేసి తెలుసుకున్నాము.

అల్లాహ్ మన చేతులను దుబారా నుండి, మన నాలుకలను కాఠిన్యం నుండి కాపాడుగాక! ఆమీన్.