పోయిన ప్యాకెట్లు ఎక్కడ?

మనం కంప్యూటర్లో ఒక పేజీ తెరిస్తే అది ఒక్క ముక్కగా రాదు. మామూలుగా 1500 బైట్లకు మించని చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి వస్తుంది. వాటినే ప్యాకెట్లంటారు. దారిలో కొన్ని పోతుంటాయి. పోయినవాటిని పంపిన యంత్రమే మళ్లీ పంపుతుంది. మరీ ఎక్కువ పోతుంటే మాలాంటివాళ్లకు ఫోన్లొస్తాయి.

2015 మేలో, పదో తరగతి ఫలితాలొచ్చిన రోజున నాకలాంటి ఫోనే వచ్చింది. ఫలితాలు చూపించే ఒక ప్రైవేటు సైటు సర్వరు అది. వంద ప్యాకెట్లు పంపితే ఎనిమిది పోతున్నాయి. పిల్లలు హాల్‌టికెట్ నంబరు కొట్టి, తెర మీద తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చున్నారు. తప్పు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీదని కొందరు, ముందురోజు కేబుల్ మార్చిన కుర్రాడిదని కొందరు. అతను ఉద్యోగంలో చేరి మూణ్నెల్లే. ‘కేబుల్ బాగానే ఉంది సార్’ అంటే వినేవాళ్లు లేరు.

నెట్‌వర్క్ కార్డు లెక్కల్లో లోపాల దగ్గర సున్నా ఉంది. కేబుల్ పాడైతే అలా ఉండదు. లినక్స్‌లో టీసీ అని రెండక్షరాల కమాండ్ ఒకటుంది. రైల్లో టీసీకీ దీనికీ చుట్టరికం లేదుగానీ పని కొంచెం అలాంటిదే. ఎవరు ముందెళ్లాలి, ఎవరు ఆగాలి, ఎవర్ని దించేయాలి! దాన్ని అడిగితే అసలు సంగతి బయటపడింది. ‘డ్రాప్డ్’ అన్నచోట అంకె గబగబా పెరుగుతోంది. ప్యాకెట్లను పారేస్తున్నది మా సర్వరే.

అదే లైను మీద వేరే సైట్లూ ఉండటంతో దీనికి సెకనుకు 40 మెగాబిట్ల హద్దు పెట్టారు. ట్రాఫిక్ షేపింగ్ అంటే ఇదే. హద్దు దాటితే వరుసలో నిలబడాలి. ఆ వరుసలో వందకే చోటు. నూటొకటోది వస్తే బయటికే. అలా పోయేవాటిలో పిల్లవాడి బ్రౌజరుకు సర్వరిచ్చే తొలి జవాబు కూడా ఉండొచ్చు. అది పోతే మళ్లీ పంపడానికి సర్వరు ఒక సెకను ఆగుతుంది. అదీ పోతే రెండు, ఆపైన నాలుగు. మార్కుల కోసం చూసేవాడికి ఏడు సెకన్లంటే తక్కువా?

అక్కడున్న ఒక పెద్దాయన వరుసను పదివేలకు పెంచేశారు. డ్రాపులు ఆగిపోయాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కాసేపటికే ఫిర్యాదులు ఇంకా పెరిగాయి. లెక్క వేయండి. 1500 బైట్ల ప్యాకెట్లు పదివేలంటే 12 కోట్ల బిట్లు. 40 మెగాబిట్ల దారిలో అవి కదలడానికి మూడు సెకన్లు. ప్రతి ప్యాకెట్టూ అంతసేపు నిలబడాల్సిందే. జనం ఊరుకుంటారా? మళ్లీ మళ్లీ నొక్కుతారు. వరుస మళ్లీ నిండుతుంది.

నిజానికి ప్యాకెట్ పోవడం పంపేవాడికి ఒక కబురు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీకీ, బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య (దూరం 400 గజాలే!) వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రద్దీలోనూ తగ్గకుండా పంపుతూ పోవడంతో వచ్చిన చిక్కది. ప్యాకెట్ పోతే రద్దీ ఉందని గ్రహించి వేగం తగ్గించుకునే పద్ధతిని వాన్ జేకబ్సన్ 1988లో వివరంగా రాశారు. మేం అసలు పారేయకపోతే ఆ కబురు వెళ్లేదెలా?

ఆయనే 2012లో క్యాథ్లీన్ నికోల్స్‌తో కలిసి కోడెల్ అనే పద్ధతి తెచ్చారు. అది వరుస ఎంత పొడవుందో చూడదు. ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు తగ్గకుండా 100 మిల్లీసెకన్లు గడిస్తే పారేయడం మొదలుపెడుతుంది. దాని తర్వాతి రూపం ఎఫ్‌క్యూ కోడెల్. ఇందులో కనెక్షన్లన్నీ వేర్వేరు వరుసల్లో సర్దుకుంటాయి. మేం అదే పెట్టాం. జిల్లాలవారీ పెద్ద ఫైళ్లు దించుకునేవాళ్ల వెనక చిన్న మార్కుల పేజీ పడిగాపులు పడే బాధ తప్పింది.

మేనేజరుగారు తెర చూసి, ‘‘ఇంకా డ్రాపులు కనిపిస్తున్నాయేంటండీ, సున్నా చేయలేరా?’’ అన్నారు.

‘‘చేయొచ్చు సార్, వద్దు’’ అన్నాను.

కేబుల్ కుర్రాడు నా పక్కనే కుర్చీ లాక్కుని, వాళ్ల చెల్లెలి హాల్‌టికెట్ నంబరు కొట్టాడు.