పల్లె కొట్టములో ఈగల బాధ

వేసవి సెలవులకు కోయంబత్తూరు, మధుర వదలి సొంత పల్లెలకు పోవడం మన కుటుంబములకు అలవాటే. నాయకరాజుల కాలములో మనవారు వచ్చి నిలిచిన పల్లెలు చాలా ఉన్నవి. పల్లడం వైపైనా, తిరుమంగళం నల్లరేగడి వైపైనా ఇంటిమాట తెలుగే, పశువుల కొట్టం ఇంటి ప్రక్కనే. ఒక వేసవి వాన పడి ఎండ కాసిందా, కుట్టే ఈగలు వచ్చినవన్నమాటే.

ఈ ఏడు మేము పల్లడం దగ్గరి బంధువుల ఇంట పది దినములున్నాము. వారి కాంగేయం ఆవు ప్రొద్దున కాళ్లు నేలకేసి కొట్టుకొనుటయే గాని గడ్డి ముట్టదు. పాలు తగ్గినవని పెద్దమ్మకు దిగులు. సాయంత్రం వేపాకు పొగ వేసినాము.

"పొగకు పోయేది పక్కకొట్టానికే గదా నాయనా!" అన్నదామె.

ఈ ఈగ చూపునకు ఇంటి ఈగవంటిదే. మూతి మాత్రం సూదివలె ముందుకు పొడుచుకొని ఉండును. ఆడది, మగది రెండూ నెత్తురు త్రాగును. జోరీగ వేరు, అది పెద్దది. అందులో ఆడది మాత్రమే కుట్టును. జపానులో నల్ల ఆవులకు తెల్లచారలు పూసి చూడగా కుట్టే ఈగలు సుమారు సగమే వాలినవని 2019లో ప్రకటించినారు. మన ఆవు తెల్లనిది, నల్లచారలు పూయవలె, పెద్దమ్మ ఒప్పుకోదు!

ఈగ పుట్టుక గాడి క్రింద పేడతో, మూత్రముతో తడిసి కుళ్లిన గడ్డిలో. ఎండకాలములో గుడ్డు ఈగ కావడానికి రెండు మూడు వారములు చాలును. వారానికొకసారి ఆ గడ్డిని లాగి పలుచగా ఎండబెట్టితే పురుగు అందులోనే చచ్చును. బస్సెక్కే ముందు పిల్లలతో కలిసి ఆ కుప్పనంతా కళ్లములో పరచినాము. ప్రక్క కొట్టమువారిని పెద్దమ్మ అప్పుడే గోడమీదుగా పిలుస్తున్నది.