మా చెరువు జిలేబీ ఏ జిలేబీ?

మా మర్రిపాడు వైపు జిలేబీ అంటే రెండు. ఒకటి స్వీటు షాపుది, రెండోది చెరువుది. పుస్తకాల్లో దాని పేరు తిలాపియా. ఆఫ్రికా చేప, సిక్లిడ్ కుటుంబం. పులికాట్‌లో పడే, కేరళవాళ్లు కరిమీన్ అని ముచ్చటపడే చేపది కూడా ఇదే కుటుంబం. కాకపోతే అది మనది, ఇది వచ్చి చేరింది.

వచ్చింది కూడా ఒకటి కాదు. మొజాంబిక్ తిలాపియా 1952లో దేశంలోకి వచ్చింది, నైలు తిలాపియా ఆ తర్వాత. పుస్తకం ప్రకారం గుర్తుపట్టడం సులువే. నైలు రకానికి తోక మీద నిలువు చారలు వరసగా ఉంటాయి. మొజాంబిక్‌కు ఆ వరస ఉండదు. జతకట్టే కాలంలో దాని మగది నల్లబడి, గొంతు తెల్లగా, తోక అంచు ఎర్రగా మారుతుంది.

చెరువులో చేప పుస్తకం చదవలేదు కదా! చారలు సగం దాకా వచ్చి ఆగిపోయినవీ కనిపిస్తాయి. రెండు రకాల్లోనూ మగది అడుగున గుంట తవ్వుతుంది, ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. ఒకే నీళ్లలో ఉంటే కలుస్తాయి. పుట్టే పిల్లలు కంచరగాడిదల్లా గొడ్డువి కావు. అవి మళ్లీ నైలు రకంతోనే కలుస్తూ పోతే, కొన్ని తరాలకు తోక చారలు చక్కగా ఉంటాయి, లోపల మాత్రం మొజాంబిక్ పాలు మిగిలే ఉంటుంది. డీఎన్‌ఏ చూసినా జాగ్రత్తే. మైటోకాండ్రియాది తల్లి నుంచే వస్తుంది కాబట్టి అదొక్కటే చూస్తే తండ్రి సంగతి తేలదు. ఆఫ్రికాలో లింపోపో నదిలో ఈ కలయిక వల్లే అసలు మొజాంబిక్ రకానికి ముప్పొచ్చింది. ఇక్కడ పీడ అనుకునేదాన్ని అక్కడ కాపాడుకోవాల్సి వస్తోంది.

ఇదంతా నాకెందుకంటే, మా మామ చేలో గుంట తవ్వించినాడు. ఒకాయన 'గిఫ్ట్' పిల్ల అని చవగ్గా తెచ్చినాడు. గిఫ్ట్ అంటే 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలుపెట్టి, నైలు తిలాపియాను తరతరాలుగా ఎంపిక చేసి తీసిన రకం. మన రాష్ట్రంలో విజయవాడ దగ్గర మానికొండలో దాని కేంద్రముంది. ఆ పిల్లలో మొజాంబిక్ కలిసుంటే చిన్నప్పుడే గుడ్లకొచ్చి, గుంట నిండా వేలెడంత చేపలే మిగులుతాయి. పెట్టిన మేత నీళ్లపాలు.

"ఇది అసలుదా, కాదా? చూసి చెప్పు అల్లుడూ," అన్నాడు మామ.

"చూస్తే తెలిసేది కాదు మామా. హేచరీ బిల్లు అడుగు," అన్నాను.

"ఇంజినీరింగు చదివి ఇదా చెప్పేది?" అని నవ్వినాడు గానీ, అడిగినాడు. ఆయన బిల్లు తెస్తానని పోయి మళ్లీ రాలేదు. మామ బొచ్చె, శీలావతి వేసుకున్నాడు. మొన్న ఫోన్ చేస్తే వలలో నాలుగు జిలేబీలు కూడా పడ్డాయన్నాడు. కాలువ నీళ్లతో వచ్చుంటాయి.