మందు ఎవరిచ్చారు?

సెప్టెంబర్ 24

సియోల్ ఒలింపిక్స్ వంద మీటర్ల ఫైనల్ మళ్లీ చూశాను. 1988లో ఇదే తేదీన జరిగింది. ఆరో లేన్‌లో కెనడాకు చెందిన బెన్ జాన్సన్, మూడో లేన్‌లో అమెరికాకు చెందిన కార్ల్ లూయిస్. లూయిస్ పరిగెడుతూనే కుడివైపు చూస్తున్నాడు. జాన్సన్ అప్పటికే అందనంత ముందున్నాడు. గీత దాటకముందే ఎడమవైపు తల తిప్పి, కుడిచెయ్యి పైకెత్తి చూపుడువేలు నిలబెట్టాడు. 9.79 సెకన్లు. కెనడా ప్రధాని బ్రయాన్ మల్‌రోనీ స్వయంగా ఫోన్ చేసి అభినందించాడు.

సెప్టెంబర్ 27

మూడు రోజులకే జాన్సన్ పతకం లాగేసుకున్నారు. మూత్ర పరీక్షలో స్టానోజొలాల్ అనే స్టెరాయిడ్ బయటపడింది. కింపో విమానాశ్రయంలో కెమెరాలవాళ్లు అతన్ని అడుగు వెయ్యనివ్వలేదు.

తప్పు చేశాడు, అందులో వాదన లేదు. నన్ను బాధించేది ఆ తర్వాతి రాతలు. జాన్సన్ పుట్టింది జమైకాలోని ఫాల్మౌత్‌లో. 1976లో, పద్నాలుగేళ్ల వయసులో కెనడా వచ్చాడు. గెలిచిన రోజు అతను కెనడా ముద్దుబిడ్డ. దొరికిపోగానే కొన్ని పత్రికలకు అతని పుట్టిన ఊరు గుర్తొచ్చింది, జమైకావాడైపోయాడు. పతకం మాది, మచ్చ మీది! నల్లజాతి వలస కుర్రాడు కాకపోతే ఇంత తొందరగా చేతులు దులుపుకునేవాళ్లా? అతనికి నత్తి. దాన్నీ వెక్కిరించారు.

సెప్టెంబర్ 29

కెనడా ప్రభుత్వాన్ని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. జస్టిస్ చార్లెస్ డ్యూబిన్ చేత విచారణ జరిపించింది. 1989లో కోచ్ చార్లీ ఫ్రాన్సిస్ ప్రమాణం చేసి, 1981 నుంచే జాన్సన్ స్టెరాయిడ్లు వాడుతున్నాడని చెప్పాడు. తన దగ్గర శిక్షణ పొందిన మరికొందరి పేర్లూ చెప్పాడు. మందులు చూసుకున్నది డాక్టర్ జేమీ ఆస్టఫాన్. అంటే ఒక కోచ్, ఒక డాక్టర్, ఏళ్ల తరబడి నడిచిన ఏర్పాటు. ఇవన్నీ బయటపడ్డా జనం మనసులో మిగిలింది ఒక్క ముఖమే.

అక్టోబర్ 1

జాన్సన్ స్థానంలో స్వర్ణం అందుకున్న లూయిస్ సంగతి. ఆ ఏడాదే అమెరికా ఒలింపిక్ ట్రయల్స్‌లో అతని పరీక్షలో నిషిద్ధ ఉత్ప్రేరకాలు కనిపించాయి. తెలియక తీసుకున్నాడని అక్కడి ఒలింపిక్ కమిటీ వదిలేసింది. లోకానికి తెలిసింది 2003లో! పదిహేనేళ్లు ఒకరు దొంగ, ఒకరు దేవుడు. నాలుగో స్థానం నుంచి కాంస్యానికి వచ్చిన కాల్విన్ స్మిత్ పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు. గీత దాటిన మొదటి అయిదుగురిలో డోపింగ్ మచ్చ ఎన్నడూ అంటనిది అతనొక్కడికే.

అక్టోబర్ 4

మన సునీతా రాణి. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో 1500 మీటర్లలో స్వర్ణం, 5000 మీటర్లలో కాంస్యం. నాండ్రలోన్ అనే స్టెరాయిడ్ దొరికిందన్నారు, రెండు పతకాలూ తీసేసుకున్నారు. దేశం పరువు తీసిందన్న మాట ఎటు చూసినా. కొన్ని నెలలకు, పరీక్ష నివేదికల్లోనే తేడాలున్నాయని తేలి, నిర్దోషి అన్నారు, పతకాలు తిరిగిచ్చారు. ఆమె పేరెత్తితే 'డోపింగ్‌లో పట్టుబడింది కదా' అనేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. ఆ నెలల అవమానాన్ని ఎవరు వాపసు ఇస్తారు?

అక్టోబర్ 5

సాయంత్రం గ్రౌండ్‌లో ఓ కుర్రాడు బ్యాగులోంచి పౌడరు డబ్బా తీసి చూపించాడు. మూత మీద కండలు తిరిగిన బొమ్మ ఉంది. లోపల ఏమున్నాయో రాసిన చీటీ సగం చిరిగిపోయింది. 'జిమ్‌లో అన్న ఇచ్చాడు సార్, మంచిదేనంట' అన్నాడు. పదహారేళ్లుంటాయి. రేపు ఇతని శాంపిల్‌లో ఏదైనా దొరికితే పేపర్లో ఫొటో పడేది ఇతనిదే. ఆ 'అన్న' ఏ వార్తలోనూ ఉండడు. డబ్బా పక్కన పడేయమన్నాను. తలూపి, మళ్లీ బ్యాగులోనే పెట్టుకున్నాడు.

అక్టోబర్ 7

స్పోర్ట్స్ డెస్క్ మిత్రులకు ఒక మనవి. డోపింగ్ వార్త వచ్చిన రోజు ఆటగాడి ఇంటి ముందు కెమెరా పెట్టేముందు, అతని కోచ్ ఎవరో, మందు రాసిన డాక్టర్ ఎవరో, ఫెడరేషన్‌లో బాధ్యత ఎవరిదో కనుక్కోండి. సరిచూడటానికి చేసే రెండో పరీక్ష, అంటే 'బి' శాంపిల్ ఫలితం వచ్చేదాకా దోషి అని రాయకండి. తప్పు లేదని తేలితే, ఆరోపణ వేసిన పేజీలోనే, అంత అక్షరాల్లోనే ఆ మాటా వేయండి.