సెంట్రింగ్ కర్రలు

నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్పుడే ఎక్కించిన కంప్యూటర్లో పైథాన్ ఉండదు, పెర్ల్ ఉండదు. షెల్, ఆక్ ఉంటాయి. తర్వాత లువా వాటికి తోడైంది. ఇంకేం కావాలన్నా ప్యాకేజ్‌సోర్స్ గడప తొక్కాల్సిందే. 1997లో ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్ నుంచి చీలి వచ్చిన వ్యవస్థ అది. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో డైరెక్టరీ, అందులో ఒక మేక్‌ఫైలు: సోర్సు ఎక్కడ దొరుకుతుంది, ముందుగా ఏవేవి ఉండాలి, ఎలా కట్టాలి.

అక్కడ పైథాన్ లైబ్రరీల పేర్లు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. డైరెక్టరీ పేరు పై-రిక్వెస్ట్స్. 3.11 కోసం కట్టాక బయటికొచ్చే ప్యాకేజీ పై311-రిక్వెస్ట్స్. ఏ పైథాన్‌కు పుట్టిందో నొసటనే రాసుంటుంది. 3.12 కోసం కడితే పై312. వెర్షన్ చెప్పకుండా ఉత్త ‘పైథాన్’ అని పిలిస్తే, మనం పనిగట్టుకుని లింకు పెట్టుకుంటే తప్ప, పలికేవాళ్లుండరు. కొత్తవాళ్లకు ఇది చాదస్తంగా తోస్తుంది. నాకైతే నిజాయితీ అనిపిస్తుంది. స్క్రిప్టుల మొదటి వరుసలో రచయితలు రాసే ఇంటర్‌ప్రిటర్ చిరునామా ఇక్కడ చెల్లదు కాబట్టి, రీప్లేస్_పైథాన్ అని మేక్‌ఫైల్లో ఆ ఫైళ్ల పేర్లు రాస్తే వ్యవస్థే దిద్దుతుంది. మరిచిపోతే, లేని ఇంటర్‌ప్రిటర్‌ను పిలిచే స్క్రిప్టులను పట్టుకునే తనిఖీ ఒకటుంది.

అసలు చిక్కు వేరే. శ్లాబు వేసేటప్పుడు సెంట్రింగ్ కొడతారు, గట్టిపడ్డాక ఊడదీస్తారు. స్తంభాన్ని అలా ఊడదీస్తే ఇల్లుండదు. ప్యాకేజీకి పైథాన్ ఈ రెండింట్లో ఏది? కట్టేటప్పుడు మాత్రమే కావాలంటే పైథాన్_ఫర్_బిల్డ్_ఓన్లీ అని ఒక వరుస రాస్తే సరి. ఏది రాయాలో తేల్చుకోవడమే గంటల పని.

జీలిబ్‌నే చూడండి. పక్కా సీ లైబ్రరీ. దాన్ని కట్టే మీసాన్ మాత్రం పైథాన్‌లో రాసింది. అంతవరకూ సెంట్రింగే. కానీ జీలిబ్‌తో పాటు జీలిబ్-ఎంకేఈనమ్స్ లాంటి చిన్న పనిముట్లు వస్తాయి. ఒకప్పుడు పెర్ల్‌లో ఉన్న దాన్నే తర్వాత పైథాన్‌లోకి తిరగరాశారు. వాటికోసం, జీలిబ్ మీద ఆధారపడ్డ, బొమ్మలు చూసుకునే ప్రోగ్రామొకటి పెట్టుకున్న పాపానికి ప్రతివాడూ పైథాన్ మొత్తం మోయాలా? అందుకే ప్యాకేజ్‌సోర్స్‌లో పైథాన్ ముక్కను విడదీసి జీలిబ్2-టూల్స్ అని వేరే ప్యాకేజీ చేశారు. డెబియన్‌లోనూ ఆ పనిముట్లకు వేరే కాపురమే.

పైథాన్ ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ విడుదల చేస్తుంది, పాత సామాను కొంత పారేస్తుంది. 2023లో 3.12 డిస్ట్‌యుటిల్స్‌ను తీసేసింది. ఏళ్ల తరబడి సెటప్ స్క్రిప్టులు దాన్నే నమ్ముకుని ఉన్నాయి. ఒక చిన్న లైబ్రరీ కొత్త వెర్షన్‌తో పొసగకపోతే, దాన్ని వాడే ప్యాకేజీ మేక్‌ఫైల్లో ‘ఈ వెర్షన్ పనికిరాదు’ అని రాయాలి, దాన్ని వాడేదాంట్లోనూ రాయాలి, ఆపైదాంట్లోనూ. మూడు మెట్లు ఎక్కేసరికి, ఈ నిషేధం ఎవరి వల్ల మొదలైందో గుర్తుండదు. కింది లైబ్రరీ బాగుపడ్డాక కూడా పైవాటి మీద ఆ వరుస అలాగే పడి ఉంటుంది. ఎవరూ తుడవరు.

సెంట్రింగే కదా, ఎలాగూ ఊడదీస్తాం కదా అని తేలిగ్గా తీసుకున్నా తప్పించుకోలేం. 2021 ఫిబ్రవరిలో పైథాన్ క్రిప్టోగ్రఫీ లైబ్రరీ 3.4 వచ్చింది. అప్పటినుంచి దాన్ని కట్టడానికి రస్ట్ కంపైలర్ కావాలి. కట్టాక అక్కర్లేదు. ఇంటెల్ యంత్రం ఉన్నవాడికి కాస్త ఆలస్యం, అంతే. నెట్‌బీఎస్‌డీ మాత్రం వ్యాక్స్ అనే పాతకాలపు యంత్రాల మీద కూడా నడుస్తుంది, అక్కడికి రస్ట్ రాలేదు. కర్ర దొరకని ఊళ్లో శ్లాబే పడదు. వ్యాక్స్ వాడేవాళ్లు ఎంతమంది అని లైబ్రరీ రచయితలు అడగొచ్చు, న్యాయమే; ఆ వ్యాక్స్ కోసమూ మేక్‌ఫైలు రాసేవాడికి మాత్రం ఆ జవాబుతో పని జరగదు. మీసాన్ ఫైళ్లను పైథాన్ ఊసెత్తకుండా చదివే మ్యూయాన్‌ను ఎవరో సీలో రాశారంటే, అలాంటివాడికి ఆ రోజు పండగే.